పొమ్మనలేక పొగపెట్టడం: అమెరికాలో రాత్రి కామెడీ షోలు ఎలా ఆగాయి?

మీరు అడిగినవి మూడు. అమెరికా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం రాసి ఉన్నా ఏబీసీలో జిమ్మీ కిమ్మెల్ చేసే రాత్రి కామెడీ షోని ఎలా ఆపగలిగారు? సీబీఎస్‌లో స్టీఫెన్ కోల్బేర్ చేసిన అలాంటి షో మూతపడింది నష్టాల వల్లా, ట్రంప్ వల్లా? ఎఫ్1 వీసా మీద చదువుకునే మీలాంటివాళ్ళు ఆ వీడియోలు షేర్ చేస్తే ఇబ్బంది వస్తుందా?

నేను పంతొమ్మిదేళ్ళు అమెరికాలో లోకల్ టీవీ స్టేషన్లలో, మాస్టర్ కంట్రోల్‌లో పనిచేశాను. స్టేషన్ నుంచి బయటికి వెళ్ళే ప్రతి సెకనూ ఆ గది దాటే వెళ్తుంది. గోడ నిండా మానిటర్లు, ముందు స్విచ్చర్, పక్కన ఆ రోజు లాగ్. ఏ నిమిషానికి ఏ ప్రోగ్రాం, ఎన్నో సెకనుకి ఏ ప్రకటన అన్నది అందులో ఉంటుంది. నెట్‌వర్క్ పంపే షోని అందుకుని ఊరికి చూపించేది ఆ గదిలో కూర్చున్న మనిషే. చూపించకుండా ఆపాల్సి వచ్చినా ఆ పని ఆ మనిషి చేతి మీదే జరగాలి. నా రాజకీయం కూడా ముందే చెప్తాను. నేను లిబరల్‌ని, పౌరసత్వం వచ్చిన దగ్గర్నుంచీ డెమోక్రాట్లకే ఓటు వేస్తున్నాను. కింద రాసింది ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.

మొదటి ప్రశ్నకి సూటి జవాబు: కిమ్మెల్ షోని ప్రభుత్వం నిషేధించలేదు. ఏ జడ్జీ ఆర్డర్ ఇవ్వలేదు, ఏ పోలీసూ స్టూడియోకి వెళ్ళలేదు. పొమ్మనలేక పొగపెట్టారు. ఆ పొగ ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే ఇక్కడి టీవీ వ్యవస్థ కాస్త తెలియాలి. మన వార్తాపత్రికలు రాసిన కథనాల్లో ఎక్కువగా వదిలేసింది ఆ భాగమే.

అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ లాంటి నెట్‌వర్క్‌కి లైసెన్సు ఉండదు. లైసెన్సు ఉండేది ఊరి స్టేషన్‌కి. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని వాడుకునే స్టేషన్ ప్రజాప్రయోజనం కోసం పనిచేయాలి అన్నది 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం చెప్పే మాట. ఆ లైసెన్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. ఎనిమిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అదే చట్టంలోని 326వ సెక్షన్, ప్రసారాలని సెన్సార్ చేసే అధికారం ఎఫ్‌సీసీకి లేదని స్పష్టంగా చెప్తుంది. అంటే లైసెన్సు ఇవ్వగలదు, కానీ ఏం మాట్లాడాలో చెప్పలేదు. కేబుల్ చానళ్ళకీ, యూట్యూబ్‌కీ ఈ లైసెన్సు గొడవే లేదు.

పెద్ద నగరాల్లో కొన్ని స్టేషన్లు ఏబీసీకి సొంతం. మిగతా దేశమంతా వేరే కంపెనీల స్టేషన్లే ఏబీసీ కార్యక్రమాలని ఒప్పందం మీద చూపిస్తాయి. వాటిని అఫిలియేట్లు అంటాం. నెక్‌స్టార్, సింక్లెయిర్ అనే రెండు కంపెనీల దగ్గరే 2025లో దాదాపు 70 ఏబీసీ అఫిలియేట్లు ఉండేవి. దేశంలో ఏబీసీ చేరే ఇళ్ళలో దాదాపు నాలుగో వంతు వీటి ద్వారానే చేరేది.

ఇప్పుడు 2025 సెప్టెంబర్ సంగతి చూడండి. 10వ తేదీన యూటాలో ఒక యూనివర్సిటీ సభలో మాట్లాడుతుండగా, ట్రంప్‌ని సమర్థించే కన్సర్వేటివ్ యువనాయకుడు చార్లీ కర్క్‌ని కాల్చి చంపారు. ఆయన రాజకీయం నాకు ఏమాత్రం నచ్చదు. కానీ ఆయనకి ముప్పై ఒక్క ఏళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. మైకు ముందు కూర్చుని కాలేజీ పిల్లలతో వాదిస్తున్న మనిషిని చంపడం ఘోరం. 15వ తేదీ రాత్రి కిమ్మెల్ తన షోలో, హంతకుడు తమవాడు కాదని చూపించుకోవడానికి ట్రంప్ అనుచరులు నానా తంటాలు పడుతున్నారని, దీన్నుంచి రాజకీయ లాభం చూసుకుంటున్నారని అన్నాడు. దర్యాప్తు పూర్తి కాకుండానే హంతకుడు ఆ వర్గంవాడే అన్నట్టు ధ్వనించే మాట అది. తొందరపడ్డాడు. దానికి వివరణ అడగడం న్యాయం, చిరాకుపడి చానల్ మార్చేయడం అంతకన్నా న్యాయం.

17వ తేదీన ఎఫ్‌సీసీ చైర్మన్ బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, దీన్ని సులువైన దారిలో తేల్చుకోవచ్చు, లేదంటే కష్టమైన దారిలో తేల్చుకోవచ్చు అన్నాడు. కిమ్మెల్ మీద కంపెనీలే ఏదో ఒక చర్య తీసుకోవాలి, లేకపోతే ఎఫ్‌సీసీకి పని పెరుగుతుందని దాని భావం. ఈ షోని మేం ప్రసారం చేయబోమని స్టేషన్లు గట్టిగా చెప్పాల్సిన టైమ్ వచ్చిందని కూడా అన్నాడు. గంటలు గడిచాయో లేదో, మా స్టేషన్లలో ఈ షో వేయం అని నెక్‌స్టార్ ప్రకటించింది. సింక్లెయిర్‌దీ అదే దారి. ఆ సాయంత్రమే ఏబీసీ షోని నిరవధికంగా ఆపేసింది.

నెక్‌స్టార్ అంత త్వరగా ఎందుకు కదిలింది? అప్పటికి నెల కిందటే టెగ్నా అనే మరో స్టేషన్ల కంపెనీని 620 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు అది ప్రకటించి ఉంది. దానికి అప్పట్లో ఎఫ్‌సీసీ ఆమోదం కావాల్సి ఉంది. అంతే కాదు, ఒకే కంపెనీ దేశంలోని ఇళ్ళలో 39 శాతానికి మించి చేరకూడదన్న పరిమితి ఉంది. ఈ కొనుగోలు జరగాలంటే ఆ పరిమితిని సడలించాల్సి ఉంది. కార్ మాటకీ తమ నిర్ణయానికీ సంబంధం లేదని నెక్‌స్టార్ చెప్పుకుంది. ఉండవచ్చు. కానీ వందల కోట్ల డాలర్ల ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఆ మనిషి మాట్లాడుతుంటే, వినేవాడి చెవికి అది మామూలు మాటలా వినపడదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో లైసెన్సు రెన్యువల్‌కి వచ్చిన ఏడాది అది. మా జనరల్ మేనేజర్ మాస్టర్ కంట్రోల్ వైపు ఆర్నెల్లకోసారి కూడా వచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం తిన్నగా వచ్చి లాగ్ చూపించమన్నాడు. మా మార్నింగ్ షో కోసం తయారుచేసిన ముప్పై సెకన్ల ప్రోమో ఒకటి ఉంది. అందులో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఆ జిల్లా సభ్యుడి గొంతు అనుకరిస్తూ చిన్న సరదా ముక్క ఉంది. ఎంత మెత్తటిదంటే ఆయనే చూసి ఉంటే నవ్వేవాడు. మేనేజర్ ఆ లైను మీద వేలు పెట్టి, దీన్ని తీసేద్దాం అన్నాడు. ఎవరైనా కంప్లయింట్ చేశారా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎందుకు అంటే, "ఈ ఏడాది మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. నేను ఆ ప్రోమో తీసి ఆ చోట సీటు బెల్టు పెట్టుకోమని చెప్పే ప్రకటన వేశాను. రెండు క్లిక్కుల పని. ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఆ కాంగ్రెస్ సభ్యుడికీ తెలియదు. ఎఫ్‌సీసీకి అసలే తెలియదు. ఆ ప్రోమో రాసిన అమ్మాయి ఇరవై మూడేళ్ళది, మర్నాడు వచ్చి నా ప్రోమో ఎందుకు పడలేదని అడిగింది. టైమ్ సరిపోలేదని చెప్పాను. ఆ అబద్ధం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ తర్వాత ఆమె రాజకీయ నాయకుల మీద ఒక్క ముక్క కూడా రాయడం నేను చూడలేదు.

సెన్సార్ అంటే మనం ఎర్ర పెన్సిల్ పట్టుకున్న అధికారిని ఊహించుకుంటాం. ఇక్కడ ఆ అధికారి అక్కర్లేదు. ఫైలు పెండింగ్‌లో ఉంటే చాలు. మిగతాది కంపెనీలో ఉద్యోగం చేసేవాళ్ళే చేసి పెడతారు.

అందుకే కోల్బేర్ విషయంలో "నష్టాలా, ట్రంపా" అన్న ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు ఇవ్వను. తేదీలు వరసగా చూడండి. 2024 అక్టోబర్‌లో సీబీఎస్ వారి న్యూస్ కార్యక్రమం 60 మినిట్స్ కమలా హారిస్ ఇంటర్వ్యూని ఎడిట్ చేసిన తీరు మోసం అంటూ ట్రంప్ దావా వేశాడు. ఎడిటింగ్ చేయని ఇంటర్వ్యూ టీవీలో ఉండదు. నాకు తెలిసిన మీడియా లాయర్లు ఆ కేసు నిలబడదనే అన్నారు. అయినా 2025 జులై మొదట్లో సీబీఎస్ మాతృసంస్థ పారమౌంట్ 1.6 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. అప్పటికి పారమౌంట్‌ని స్కైడాన్స్ అనే కంపెనీలో కలిపే 800 కోట్ల డాలర్ల ఒప్పందం ఎఫ్‌సీసీ దగ్గర ఆమోదం కోసం ఎదురుచూస్తోంది. జులై 14న కోల్బేర్ తన షోలోనే ఆ రాజీ సొమ్ముని పెద్ద లంచం అన్నాడు. 17న, 2026 మేతో షో ముగుస్తుందని ప్రకటించారు. 24న ఎఫ్‌సీసీ విలీనాన్ని 2-1 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించిన ఒక్క ఓటు డెమోక్రాట్ సభ్యురాలు అనా గోమెజ్‌ది.

ఇది పూర్తిగా ఆర్థిక నిర్ణయం అని సీబీఎస్ చెప్పింది. అందులో నిజం లేకపోలేదు. ఆ షోకి ఏడాదికి 4 కోట్ల డాలర్ల దాకా నష్టం వస్తోందని వార్తలొచ్చాయి. నేను లాగ్‌లు చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, రాత్రి పదకొండున్నర తర్వాత ప్రకటనల మార్కెట్ నా కళ్ళ ముందే పడిపోయింది. ఒకప్పుడు కార్ల కంపెనీలు, బీరు కంపెనీలు పోటీపడి కొనుక్కున్న స్లాట్లలోకి చివరికి మా సొంత ప్రోమోలు వచ్చాయి. జనం మర్నాడు పొద్దున ఫోన్లో నాలుగు నిమిషాల ముక్క చూసుకుంటున్నారు. కాబట్టి నష్టం నిజం. కానీ నష్టాల్లో ఉన్న షోకి చేయగలిగినవి చాలా ఉన్నాయి. బడ్జెట్ తగ్గిస్తారు, బ్యాండ్‌ని తగ్గిస్తారు, వారానికి ఒక రోజు ఎత్తేస్తారు, ఇంకా చిన్న స్టూడియోకి మారుస్తారు. రాత్రి షోలలో ఎక్కువమంది చూసేదాన్ని, 1993లో డేవిడ్ లెటర్‌మన్ యాంకర్‌గా మొదలైన షో పేరుని, యజమానిని లంచం గురించి అడిగిన మూడో రోజున మొత్తంగా ఎత్తేయడం అంకెలు మాత్రమే చేసిన నిర్ణయమని నేను నమ్మను. ఆ సెప్టెంబర్‌లోనే ఆ షోకి టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. అది ప్రకటించగానే హాలు మొత్తం లేచి నిలబడింది.

ట్రంప్ ఏమీ దాచలేదు. కోల్బేర్ ఉద్యోగం పోవడం తనకెంతో ఇష్టమని, తర్వాతి వంతు కిమ్మెల్‌దే అని విన్నానని సోషల్ మీడియాలో రాసుకున్నాడు. పదవిలోకి వచ్చిన మొదటి రోజునే, 2025 జనవరి 20న, ప్రభుత్వ సెన్సార్‌షిప్‌కి స్వస్తి చెప్తున్నానంటూ ఉత్తర్వు మీద సంతకం చేసినదీ ఈయనే. ఇక కార్ 2022లో, రాజకీయ వ్యంగ్యం వాక్ స్వాతంత్ర్యంలో అతి పురాతనమైన, అతి ముఖ్యమైన రూపాల్లో ఒకటని, అధికారంలో ఉన్నవాళ్ళు దాన్ని సెన్సార్ చేయాలని చూస్తారని తన ఖాతాలో రాశాడు. ఆ మాట అక్షరాలా సరైనది. ఆ మాట మీద ఆయన నిలబడి ఉంటే నేను ఆయన పార్టీ ఏదని చూడకుండా చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఇదంతా కొత్త అనుకోకండి. 1960ల చివర్లో టామ్, డిక్ స్మదర్స్ అనే అన్నదమ్ముల కామెడీ షో సీబీఎస్‌లో వచ్చేది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా, యువతరం వైపు నిలబడి మాట్లాడేవాళ్ళు. 1967లో పీట్ సీగర్ ఆ షోలో పాడిన యుద్ధ వ్యతిరేక పాటని సీబీఎస్ కత్తిరించింది. అన్నదమ్ములు గట్టిగా పట్టుబడితే కొన్ని నెలల తర్వాత ఆయన్ని మళ్ళీ పిలిచి పాడించారు. నిక్సన్ అధ్యక్షుడైన కొద్ది నెలలకే, 1969 ఏప్రిల్‌లో, ఆ షోనే తీసేశారు. స్మదర్స్ సోదరులు కోర్టుకి వెళ్ళి 1973లో గెలిచారు, డబ్బూ వచ్చింది. ఆగిన షో మాత్రం ఆ తీర్పుతో తిరిగి రాలేదు. నాలుగేళ్ళ తర్వాత వచ్చే న్యాయం కమెడియన్‌కి ఏం పనికొస్తుంది? ఆ రోజు వార్త మీద ఆ రాత్రి వేయాల్సిన జోకు కదా అతని బతుకు.

లైసెన్సుతో బెదిరించడం కూడా పాతదే. వాటర్‌గేట్ కుంభకోణాన్ని వాషింగ్టన్ పోస్ట్ తవ్వుతున్న రోజుల్లో, ఆ పత్రిక కంపెనీకి ఫ్లోరిడాలో ఉన్న రెండు టీవీ స్టేషన్ల లైసెన్సుల రెన్యువల్‌ని సవాలు చేస్తూ దరఖాస్తులు పడ్డాయి. వేసినవాళ్ళలో నిక్సన్ మిత్రులు ఉన్నారు. ఆ స్టేషన్ల విషయంలో పోస్ట్‌కి చాలా కష్టాలు వస్తాయని నిక్సన్ తన ఆఫీసులో అన్న మాట అక్కడి సంభాషణల టేపుల్లోనే రికార్డయి ఉంది. తేడా ఏమిటంటే, నిక్సన్ తలుపులు మూసుకుని అన్నాడు. ఇప్పుడు పాడ్‌కాస్ట్‌లోనే అంటున్నారు.

మీరు హైదరాబాద్ నుంచి వచ్చానని రాశారు కాబట్టి మరో సంగతి గుర్తుచేస్తాను. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, కొత్త ఎమ్మెల్యేల మీద టీవీ9 వేసిన ఒక వ్యంగ్య కార్యక్రమం పెద్ద గొడవ అయింది. తర్వాత తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్ళని ఆపేశారు. ఏబీఎన్ చాలా కాలం దాకా తెరమీదకి రాలేదు. ఆ కార్యక్రమం అవమానకరంగా ఉందని అప్పట్లో మా బంధువులే చాలామంది బాధపడ్డారు, ఆ బాధ నిజమైనదే. కానీ మీట ఎక్కడ నొక్కారో చూడండి. మాట అన్న చోట కాకుండా, మాటని ఇంటికి చేర్చే తీగ దగ్గర నొక్కారు. అక్కడ కేబుల్ ఆపరేటర్, ఇక్కడ అఫిలియేట్ స్టేషన్. ఇద్దరికీ వ్యాపారం ఉంది, ఇద్దరికీ ప్రభుత్వంతో పని ఉంది. ఆ జోకు వాళ్ళది కాదు గనక దాన్ని వదులుకోవడానికి వాళ్ళకి పెద్ద నొప్పి ఉండదు.

మా లిబరల్స్ తప్పులు కూడా చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. ఒకప్పుడు ఎఫ్‌సీసీకి ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నియమం ఉండేది. వివాదాస్పద విషయాల్లో రెండు పక్షాల వాదనా వినిపించాలని దాని ఉద్దేశం. 1949లో వచ్చింది, 1987లో పోయింది. 1960లలో డెమోక్రాట్లు ఆ నియమాన్ని అడ్డుపెట్టుకుని తమని తిట్టే మితవాద (కన్సర్వేటివ్) రేడియో స్టేషన్లని వేధించారు. అలాగే కోవిడ్ రోజుల్లో బైడెన్ ప్రభుత్వం సోషల్ మీడియా కంపెనీలకి ఫోన్లు చేసి పోస్టులు తీయించే ప్రయత్నం చేసినప్పుడు, ఆరోగ్యం కోసమే కదా అని నేను సర్దిచెప్పుకున్నాను. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దావా వేసినవాళ్ళకి ఆ అర్హత లేదంటూ 2024లో కోర్టు దాన్ని పక్కనపెట్టింది. అసలు ప్రశ్న తేలనే లేదు. ఇప్పుడు ఆలోచిస్తే నేనప్పుడు గట్టిగా మాట్లాడి ఉండాల్సింది. కోవిడ్ మీద అబద్ధాలకీ, అధ్యక్షుడి మీద జోకులకీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. ప్రభుత్వం ఫోన్ చేస్తే కంపెనీ వణికే పద్ధతి మాత్రం ఒక్కటే.

అదే 2024లో సుప్రీంకోర్టు మరో కేసులో ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడింది. న్యూయార్క్ రాష్ట్రంలో బీమా రంగాన్ని పర్యవేక్షించే అధికారి, తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏతో తెగతెంపులు చేసుకోమని బీమా కంపెనీల మీద ఒత్తిడి తెచ్చిందన్నది ఆరోపణ. తనకి నచ్చని మాటల్ని శిక్షించడానికి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలని బెదిరించి వాడుకోకూడదని తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. తీర్పు రాసింది లిబరల్ జడ్జి సోనియా సోటోమేయర్. ఎన్‌ఆర్‌ఏ తరఫున వాదించింది లిబరల్స్ అభిమానించే పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ. తుపాకుల సంఘాన్ని నేను అసహ్యించుకుంటాను. అయినా ఆ తీర్పు చదివిన రోజు నాకు చాలా తృప్తి కలిగింది.

మరి అంత బలమైన తీర్పు ఉండగా డిస్నీ కోర్టుకి ఎందుకు వెళ్ళలేదని మీకు అనిపించవచ్చు. ఏబీసీ డిస్నీదే. కోర్టుకి వెళ్తే ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఆ కంపెనీకి వేరే విలీనాలు, వేరే దర్యాప్తులు, వేరే పర్మిషన్లు ఉంటాయి. 2024 డిసెంబర్‌లో ఇదే ఏబీసీ, తన యాంకర్ అన్న ఒక మాట మీద ట్రంప్ వేసిన పరువునష్టం దావాలో 1.5 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఒకసారి కట్టినవాడి గుమ్మంలోకి వసూలుకి మళ్ళీ వస్తారు.

అయినా కిమ్మెల్ ఆరు రోజుల్లో తిరిగొచ్చాడు. ఎలా? కోర్టు వల్ల కాదు. జనం డిస్నీ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకుంటూ స్క్రీన్‌షాట్లు పెట్టారు. నాలుగు వందల మందికి పైగా కళాకారులు బహిరంగ లేఖ మీద సంతకం పెట్టారు. ముఖ్యమైన దెబ్బ మాత్రం అటువైపు నుంచే తగిలింది. టెక్సస్ సెనెటర్ టెడ్ క్రూజ్ పక్కా రిపబ్లికన్, కిమ్మెల్ షో పోయినందుకు సంతోషించిన మనిషి. ఆయనే కార్ మాటలు మాఫియావాళ్ళ బెదిరింపులా ఉన్నాయని, రేపు డెమోక్రాట్లు వస్తే ఇదే ఆయుధం మనమీద వాడతారని హెచ్చరించాడు. 23వ తేదీ రాత్రి కిమ్మెల్ తన షోలో గొంతు పూడుకుపోతుండగా, ఒక యువకుడి హత్యని తేలిక చేయడం తన ఉద్దేశం కాదన్నాడు. భర్త హంతకుణ్ణి క్షమించానన్న కర్క్ భార్య మాటని ప్రస్తావించాడు. తన అభిప్రాయాలు నచ్చకపోయినా తన హక్కు కోసం మాట్లాడిన క్రూజ్ లాంటివాళ్ళకి పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పాడు. నాలుగో వంతు దేశంలో ప్రసారం లేకపోయినా ఆ రాత్రి 62 లక్షల మందికి పైగా టీవీలో చూశారు. మామూలు రోజులకి అది మూడు రెట్ల పైమాటే.

రాజధాని వాషింగ్టన్‌లో ఏబీసీ స్టేషన్ సింక్లెయిర్‌దే. అంటే వైట్‌హౌస్ ఉన్న ఊళ్ళోనే ఆ రాత్రి యాంటెనా మీద ఆ షో రాలేదు. మా ఊళ్ళోనూ రాలేదు. నేను రిటైరై కొంతకాలమైంది. పదకొండు ముప్పై అయిదుకి టీవీ ముందు కూర్చుంటే వార్తల పునఃప్రసారం మొదలైంది. ఆ గదిలో ఈ రాత్రి ఎవరో కూర్చుని నెట్‌వర్క్ ఫీడ్ ఒక మానిటర్‌లో చూస్తూనే, ఊరికి మాత్రం వేరేది పంపుతున్నారని నాకు తెలుసు. ఆ చెయ్యి ఒకప్పుడు నాది. మర్నాడు స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా నా పిన్‌కోడ్ రాసుకుంది, పొద్దున్నుంచీ ఫోన్లు ఆగలేదని చెప్పింది. 26వ తేదీ శుక్రవారం రెండు కంపెనీలూ షోని తిరిగి మొదలుపెట్టాయి. లోకల్ ప్రకటనలు ఇచ్చేది ఊళ్ళోని కార్ల డీలరు, పళ్ళ డాక్టరు, ఫర్నిచర్ షాపువాడు. వాళ్ళకి ఫోన్లు వెళ్తే స్టేషన్ ఎంత టెన్షన్ పడుతుందో లోపల ఉన్నవాళ్ళకే తెలుసు.

ఇక కేబుల్ షోల సంగతి మీరే గమనించి ఉంటారు. అదే పారమౌంట్ చేతిలో ఉన్న సౌత్ పార్క్ అనే కార్టూన్, కోల్బేర్ ప్రకటన వచ్చిన వారంలోపే, ట్రంప్‌ని సైతానుతో ఒకే మంచం మీద చూపించింది. ఎవరూ ఆపలేదు. దాని సృష్టికర్తలు అప్పుడే అయిదేళ్ళకి 150 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, పైగా కేబుల్‌కి లైసెన్సు లేదు. అంటే ఈ దేశంలో ఇప్పుడు జోకు వేసే ధైర్యం మీ కాంట్రాక్టు ఎంత పెద్దదో, మీ మాట ఏ తీగ మీద వెళ్తుందో అన్నదాన్ని బట్టి ఉంది. ఇరవై మూడేళ్ళ ప్రోమో రచయిత్రికి ఆ రెండూ లేవు. నాకు ఎక్కువ దిగులు కలిగించేది అదే.

మీ మూడో ప్రశ్నకి వస్తాను. నేను లాయర్ని కాను, తెలిసినంత చెప్తాను. అమెరికా గడ్డమీద ఉంటున్న విదేశీయులకీ వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. కాగితం మీద హక్కు మీకుంది. కానీ 2025లో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదివే టర్కీ విద్యార్థిని, కాలేజీ పత్రికలో ఒక వ్యాసం రాసినవాళ్ళలో ఒకరు, వీధిలో అరెస్టయి ఆరు వారాలు లూయిజియానా నిర్బంధ కేంద్రంలో గడిపింది. జడ్జి విడుదల చేశాడు, కానీ ఆ ఆరు వారాలు ఎవరు తిరిగిస్తారు? అదే ఏడాది అక్టోబర్‌లో, కర్క్ మరణం మీద రాసిన రాతల కారణంగా ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేశామని విదేశాంగ శాఖ స్వయంగా ప్రకటించింది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి వచ్చేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టాలని నియమం వచ్చింది, డిసెంబర్ నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళకీ అదే.

కిమ్మెల్ వీడియో షేర్ చేసినంత మాత్రాన ఎవరి వీసా అయినా పోయినట్టు నేను ఎక్కడా చూడలేదు. అతిగా భయపడకండి. కానీ ఒక తేడా తెలుసుకోండి. ఇక్కడ ఉండగా ఏదైనా జరిగితే కోర్టు ఉంది. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్ళి అక్కడ కాదన్నారంటే, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి దాదాపుగా ఏ దారీ లేదు. కాబట్టి హింసని, ఒకరి చావుని వేళాకోళం చేసే పోస్టుల జోలికి వెళ్ళకండి. వీసా లేకపోయినా అది చేయకూడని పనే. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత అయిదేళ్ళ సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు, ఒక్కటీ వదలకుండా రాయండి. ఒక జోకు షేర్ చేయడం కన్నా, ఖాతా దాచి అబద్ధం చెప్పినట్టు తేలడం ఎన్నో రెట్లు ప్రమాదం. ఇండియా ప్రయాణం పెట్టుకునే ముందు మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి మాట్లాడండి, ఆ సలహాకి డబ్బు తీసుకోరు. షో చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఊరి స్టేషన్ ఎప్పుడైనా మళ్ళీ దాన్ని ఆపితే, ఆ ఫోన్ మీరు చేయక్కర్లేదు. పౌరసత్వం ఉన్న మాలాంటివాళ్ళం చేస్తాం. స్టేషన్ నంబరు నా ఫోన్లో సేవ్ చేసే ఉంది.